ఫెయిరీల రాణికి రెక్కలెవరు పెట్టారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో ఒకావిడ "ఇంగ్లీషు కథల్లో ఫెయిరీల రాణి అంటారే, ఆవిడ ఎవరండీ" అని అడిగారు. షేక్స్పియర్ నాటకంలో టైటానియా అని నాలుగు వాక్యాల్లో చెప్పి ముగించాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దీని గురించే. అంత పెద్ద సంగతిని అంత పొట్టిగా తేల్చేశారేం అని అడిగినవాళ్లే ఎక్కువ. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను బీఏ ఇంగ్లీష్ లిటరేచర్ చదువుతున్నాను. 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో రాణి టైటానియా, 'రోమియో అండ్ జూలియట్'లోనేమో క్వీన్ మాబ్. రెండూ షేక్స్పియర్ రాసినవే, దాదాపు ఒకే కాలంలో రాసినవే కదా. మరి రాణులు ఇద్దరెలా అయ్యారు? పరీక్షలో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (తెనాలి)

జవాబు: టెన్షన్ పడకమ్మా, ఇద్దరూ వేరు వేరని ధైర్యంగా రాయి. ఫెయిరీలకు ఒకే రాణి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. మన ఊళ్లలో ఒక ఊరి పొలిమేరలో ఒక పేరుతో, పక్క ఊళ్లో ఇంకో పేరుతో అమ్మవారు ఉన్నట్టే, అక్కడా ఏ కథకు ఆ రాణి. చాలా కథల్లో ఆవిడకు అసలు పేరే ఉండదు.

టైటానియా అన్న పేరు పల్లె కథల్లోంచి వచ్చింది కాదు. రోమన్ కవి ఓవిడ్ రాసిన 'మెటమార్ఫసెస్' అనే లాటిన్ కావ్యంలో డయానా దేవతను ఒకచోట ఆ మాటతో పిలిచాడు. 1567లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో ఆ పేరు కనిపించదు, కాబట్టి షేక్స్పియర్ దాన్ని లాటిన్‌లోనే చదివి తీసుకున్నాడని పండితులు అంటారు. అంటే టైటానియా పుట్టుకతోనే దేవత పేరున్న మనిషి, అందుకే ఆవిడ మాటల్లో ఆ గాంభీర్యం ఉంటుంది. ఆవిడకూ మొగుడికీ గొడవ వస్తే ఏళ్లు పొంగుతాయి, పంటలు కుళ్లిపోతాయి, రుతువులు తారుమారవుతాయి.

మాబ్ అలా కాదు. రోమియో స్నేహితుడు మెర్క్యూషియో నోట్లో తప్ప ఆవిడ స్టేజీ మీదకే రాదు. ఊరి పెద్దమనిషి వేలి ఉంగరంలో పొదిగిన రాయంత ఉంటుందట. హేజల్‌నట్ కాయ డొల్ల ఆవిడ బండి, చక్రం ఆకులు సాలీడు కాళ్లు, పైకప్పు మిడత రెక్కలు, కొరడా పిడి కీచురాయి ఎముక, బండి తోలేది బూడిదరంగు కోటేసుకున్న చిన్న దోమ. నిద్రపోతున్నవాళ్ల ముక్కుల మీదుగా ఆ బండి పోతుంటే వాళ్లకు కలలొస్తాయి, లాయరుకు ఫీజు కల, సైనికుడికి పీకలు కోసే కల. ఆవిడను మెర్క్యూషియో "ఫెయిరీల మంత్రసాని" అంటాడు. నువ్వు పరీక్షలో ఈ ఒక్క మాట మర్చిపోకుండా రాయాలి. మనుషుల మనసుల్లో దాగున్న కోరికల్ని కలల రూపంలో కాన్పు చేసి బయటికి తీస్తుంది కాబట్టి మంత్రసాని. పరిమాణం చిన్నదే కానీ చేసే పని చిన్నది కాదు.

ప్రశ్న: టైటానియాకీ ఆవిడ భర్త ఒబెరాన్‌కీ గొడవ ఒక ఇండియా పిల్లాడి గురించని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? షేక్స్పియర్ నాటకంలో మన పిల్లాడేమిటి? (మచిలీపట్నం)

జవాబు: నిజమేనండీ. మీ అబ్బాయి శ్రద్ధగా చదివాడు. ఆ నాటకంలో నన్ను ఎక్కువ కదిలించేది ఈ పిల్లాడి సంగతే, చాలామంది ప్రేమ జంటల గందరగోళంలో పడి దీన్ని దాటేస్తారు.

ఆ పిల్లాడు ఎలా వచ్చాడన్నదానికి నాటకంలో రెండు కథలున్నాయి. ఒబెరాన్ మనిషి పక్ ఏమంటాడంటే, వాణ్ని ఒక ఇండియా రాజు దగ్గర్నుంచి దొంగిలించారు అంటాడు. టైటానియా చెప్పేది వేరు. వాడి తల్లి తన భక్తురాలు, తనకు నేస్తం. సుగంధ ద్రవ్యాల వాసన నిండిన ఇండియా రాత్రి గాలిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. సముద్రపు ఒడ్డున పసుపు ఇసుకలో కూర్చుని సరుకుల ఓడలు వెళ్తుంటే చూసేవాళ్లు. గాలికి తెరచాపలు ఉబ్బి గర్భిణి పొట్టలా కనిపిస్తే నవ్వుకునేవాళ్లు. అప్పటికే కడుపుతో ఉన్న ఆ నేస్తం తనూ ఒక ఓడలా ఊగుతూ నడిచి, ఇసుకలోంచి ఏవేవో ఏరుకొచ్చి రాణికి ఇచ్చేది. కానీ ఆవిడ మనిషి కదా, చావు ఉన్న మనిషి, ఆ కాన్పులోనే పోయింది. "ఆమె కోసమే వాణ్ని పెంచుతున్నాను, ఆమె కోసమే వాణ్ని వదలను" అంటుంది టైటానియా.

షేక్స్పియర్ ఇండియా చూసినవాడు కాదు. మిరియాలు, లవంగాల వ్యాపారం గురించి లండన్‌లో విన్న కబుర్ల నుంచి ఆ సముద్రతీరం అల్లుకున్నాడు. నాటకం 1595–96 ప్రాంతంలో రాశాడు, ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1600లో, వాళ్లు మీ మచిలీపట్నంలో కొఠీ పెట్టింది 1611లో. నాటకంలో ఉన్నది మీ ఊరి రేవని అనను. కానీ రేవు ఊళ్లో పెరిగినవాళ్లకు తెరచాప గురించి ఆ రెండు వాక్యాలు ఎవరూ వివరించనక్కర్లేదు.

తర్వాత జరిగింది మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఒబెరాన్ ఆవిడ కళ్లలో పువ్వు రసం పిండుతాడు, లేవగానే కనిపించినదాన్ని ప్రేమించేలా. గాడిద తల తగిలించిన బాటమ్ అనే నేతగాడు కనిపిస్తాడు. ఆ మత్తులో ఉన్నప్పుడు ఒబెరాన్ పిల్లాణ్ని ఇమ్మంటే ఆవిడ వెంటనే ఇచ్చేస్తుంది. అంత గట్టిగా పట్టుకున్న మాట అలా పోయింది. మత్తు దిగాక మొగుడితో కలిసి నాట్యం చేస్తుంది తప్ప పిల్లాడి గురించి ఒక్క ముక్క అడగదు. ఆ పిల్లాడికి నాటకంలో పేరు లేదు, ఒక్క డైలాగ్ లేదు. కొందరు దర్శకులు వాణ్ని స్టేజీ మీదకు తీసుకొస్తారు. అదే సరైన పని అని నా అభిప్రాయం. వాడు కళ్లెదుట ఉంటేనే ఆవిడ ఏం పోగొట్టుకుందో తెలుస్తుంది.

ప్రశ్న: మా పాపకు స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. ఫెయిరీ క్వీన్ వేషం వేస్తున్నాం, రెక్కలు, చేతిలో నక్షత్రం కర్ర కొన్నాం. పాత కథల్లో కూడా ఇలాగే ఉండేదా? (వరంగల్)

జవాబు: పాత కథల్లో రెక్కలు లేవండీ. ఆవిడ మనిషంత ఉండేది, గుర్రమెక్కి వచ్చేది, ఆకుపచ్చ పట్టు కట్టుకునేది. మాబ్‌కు కూడా బండి ఉందంటే రెక్కల్లేకే కదా. అలెగ్జాండర్ పోప్ 1714లో పూర్తి రూపంలో ప్రచురించిన 'ది రేప్ ఆఫ్ ద లాక్' కావ్యంలో గాలిలో తిరిగే చిన్న చిన్న ప్రాణులకు పురుగుల రెక్కలు పెట్టాడు. తర్వాత బొమ్మలు వేసేవాళ్లు, 1832లో పారిస్‌లో మొదలైన 'లా సిల్ఫిడ్' లాంటి బ్యాలేలు ఆ రెక్కల్ని ఫెయిరీల వీపుకు శాశ్వతంగా అతికించాయి. 1882లో లండన్ సవాయ్ థియేటర్‌లో గిల్బర్ట్, సలివన్‌ల సంగీత నాటకం 'అయొలాంతి' ఆడినప్పుడు ఫెయిరీ వేషాలవాళ్ల తలల మీద బ్యాటరీతో వెలిగే చిన్న కరెంటు దీపాలు పెట్టారు. కరెంటు దీపాలే కొత్త అయిన రోజుల్లో జనం ఎంత ఆశ్చర్యపోయి ఉంటారో! కాబట్టి పాపకు రెక్కలు నిశ్చింతగా పెట్టండి, కుదిరితే ఆకుపచ్చ పావడా కూడా కట్టించండి, పాత రాణి కూడా అందులో కలుస్తుంది.

ప్రశ్న: ఉర్దూలో పరీ అంటాం, ఇంగ్లీషులో ఫెయిరీ. రెండూ ఒకే మాటేనా? తెలుగులో ఏమనాలి? (హైదరాబాద్, పాతబస్తీ)

జవాబు: వినడానికి ఒకేలా ఉన్నా చుట్టాలు కావు. పరీ పాత ఇరాన్ భాషల్లోంచి వచ్చింది. ఫెయిరీ అనేది లాటిన్‌లో విధి దేవతలను పిలిచే 'ఫాటా'లోంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఇంగ్లీషులో తలరాతను 'ఫేట్' అంటారే, అదీ దీనికి చుట్టమే. తెలుగులో దేవకన్య అని రాస్తున్నారు కానీ నాకు అది నప్పదు. దేవకన్య స్వర్గం నుంచి దిగుతుంది. ఫెయిరీల రాణి ఉండేది కొండ కింద, మట్టి లోపల. స్వర్గానికీ నరకానికీ రెంటికీ చెందనిది. అందుకే నేను ఫెయిరీ అనే రాస్తున్నాను.

ప్రశ్న: ఎడ్మండ్ స్పెన్సర్ కావ్యం 'ది ఫెయిరీ క్వీన్' మొదలుపెట్టి మూడుసార్లు ఆపేశాను. రాణి ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే రానే రాదు. అసలు వస్తుందా? (బెంగళూరు)

జవాబు: రాదండీ. మీ ఓపికలో లోపం లేదు. రాణి గ్లోరియానా, అంటే ఎలిజబెత్ మహారాణికి కవి పెట్టిన ఇంకో పేరు. పన్నెండు పుస్తకాలు రాయాలనుకున్నాడు, 1590లో మూడు, 1596లో ఇంకో మూడు వచ్చాయి, 1599లో చనిపోయాడు. వీరులందరూ ఆవిడ పంపితే బయల్దేరినవాళ్లే, కానీ ఆవిడ కొలువు మనకు కనిపించదు. మహారాణి సంతోషించి ఏడాదికి 50 పౌన్ల పెన్షన్ ఇచ్చింది.

ఒక్కచోట మాత్రం దగ్గరగా వస్తుంది. మొదటి పుస్తకం తొమ్మిదో సర్గ చదవండి. యువరాజు ఆర్థర్ అడవిలో నిద్రపోతే ఫెయిరీల రాణి వచ్చి పక్కన పడుకుని ప్రేమగా మాట్లాడినట్టు కల వస్తుంది. లేచి చూస్తే ఎవరూ లేరు, పక్కన గడ్డి మాత్రం ఎవరో పడుకున్నట్టు నలిగి ఉంది. అప్పట్నుంచి ఆవిడ కోసం వెతుకుతూనే ఉంటాడు. మిగతా కావ్యంలో పొగడ్త ఎక్కువ, ఆ నలిగిన గడ్డి దగ్గర మాత్రం పాత పల్లె కథ ఊపిరి తగులుతుంది. ఇదే స్పెన్సర్ ఐర్లండ్‌లో ఇంగ్లీషువాళ్ల తరఫున భూములు పట్టుకున్న అధికారి, అక్కడి ప్రజల్ని కఠినంగా అణచాలని వాదించిన మనిషి. 1598 తిరుగుబాటులో అతని కోటను తగలబెట్టారు. చదివేటప్పుడు ఆ సంగతి కూడా మనసులో ఉండాలి.

ప్రశ్న: నేను వెస్ట్రన్ వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఫెయిరీల రాణి మీద ఏ సంగీతంతో మొదలుపెట్టాలి? (విశాఖపట్నం)

జవాబు: ఇంగ్లీషు స్వరకర్త పర్సెల్ చేసిన 'ది ఫెయిరీ క్వీన్'తో. 1692లో లండన్ డోర్సెట్ గార్డెన్ థియేటర్‌లో ఆడారు. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'ను కాలానికి తగ్గట్టు మార్చి, అంకాల్లో పాటలూ నాట్యాలూ పెట్టారు. పేరు రాణిదే కానీ టైటానియా పాడదు, ఆ పాత్ర మాటలే చెబుతుంది. ఆవిడ కోసం మిగతావాళ్లు పాడతారు. ఇంకో విశేషం, పాటల్లో షేక్స్పియర్ రాసిన మాట ఒక్కటీ లేదు. రెండో అంకంలో టైటానియాను నిద్రపుచ్చడానికి రాత్రి, మర్మం, రహస్యం, నిద్ర మనుషుల రూపంలో వచ్చి పాడతారు. నిద్ర పాడేటప్పుడు మధ్య మధ్య సంగీతం ఆగిపోయి నిశ్శబ్దం వస్తుంది, ఆ నిశ్శబ్దాలు కూడా పాటలో భాగమే. వయొలిన్ వాయించేవాళ్లు అక్కడ విల్లు ఎత్తి ఆగడం నేర్చుకోవాలి.

జనం మెచ్చుకున్నారు కానీ ఖర్చు మోయలేనంత అయి కంపెనీకి మిగిలింది తక్కువ. పర్సెల్ 1695లో, ముప్పయ్యారేళ్లకే పోయాడు. ఆ స్వరాల ప్రతి ఎక్కడో పోయింది. తెచ్చిచ్చినవాళ్లకు 20 గినీలు ఇస్తామని 1701లో ప్రకటన వేసినా దొరకలేదు. రెండొందల ఏళ్ల తర్వాత, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ లైబ్రరీలో బయటపడింది.

తర్వాత అదే నాటకం మీద మెండెల్సన్ చేసిన ఓవర్చర్, అంటే ఆరంభ సంగీతం, వినండి, పదిహేడేళ్ల వయసులో 1826లో రాశాడు. మొదట్లో వయొలిన్లు చేసే ఆ సన్నటి గుసగుసే ఫెయిరీలు, మధ్యలో గాడిద ఓండ్ర కూడా ఉంటుంది. మన చర్చి పెళ్లిళ్లలో వాయించే వెడ్డింగ్ మార్చ్ కూడా అదే నాటకానికి ఆయనే 1842లో చేసింది. మాబ్ కావాలంటే బెర్లియోజ్ 1839లో 'రోమియో అండ్ జూలియట్' మీద రాసిన సింఫనీలో క్వీన్ మాబ్ స్కెర్జో అనే హుషారైన భాగం ఉంది, దోమ తోలే బండి ఎంత వేగంగా పోతుందో అంత వేగంగా పోతుంది.

ప్రశ్న: మేడమ్, మా వారి ఉద్యోగం వల్ల గ్లాస్గోలో ఉంటున్నాం. మెల్రోజ్ వైపు వెళ్లినప్పుడు దారి పక్కన 'రైమర్స్ స్టోన్' అని ఒక రాయి చూశాం. ఫెయిరీల రాణి అక్కడ ఒకతన్ని తీసుకెళ్లిందని రాసి ఉంది. ఆ కథ చెప్తారా? (గ్లాస్గో)

జవాబు: మీరు అక్కడ నిలబడ్డారంటే నాకు ఎంత సంతోషంగా ఉందో! ఆ ఎదురుగా కనిపించే మూడు శిఖరాలు ఐల్డన్ కొండలు. పదమూడో శతాబ్దంలో అక్కడికి దగ్గర్లో, ఇప్పుడు ఎర్ల్‌స్టన్ అంటున్న ఊళ్లో థామస్ అనే ఆయన నిజంగానే ఉండేవాడు. కథ ఆయన చుట్టూ అల్లుకుంది. తరతరాలు పాడుకున్న ఆ పాటను వాల్టర్ స్కాట్ 1802లో అచ్చు వేయించాడు.

థామస్ చెట్టు కింద పడుకుని ఉంటే ఆకుపచ్చ పట్టు కట్టిన ఒకావిడ గుర్రం మీద వచ్చింది. గుర్రం జూలు పాయపాయకీ యాభై తొమ్మిది వెండి గంటలు. మేరీమాత అనుకుని టోపీ తీసి మోకరిల్లాడు. "నేను ఆ స్వర్గపు రాణిని కాను, ఎల్ఫ్‌లాండ్ రాణిని" అంది. ఎల్ఫ్‌లాండ్ అంటే ఫెయిరీల దేశమే. ముద్దు పెట్టుకుంటే నువ్వు నావాడివని చెప్పింది, పెట్టుకున్నాడు, ఏడేళ్లు ఊడిగం చేయాలి. గుర్రం ఎక్కించుకుని ఒకచోట ఆపి మూడు దారులు చూపించింది. ముళ్లు నిండిన ఇరుకు దారి పుణ్యానికి, వెడల్పాటి చక్కని దారి పాపానికి, కొండవాలున వంకరలు తిరుగుతూ పోయే ఇంకో అందమైన దారి తన దేశానికి. అక్కడ ఏం చూసినా ఒక్క మాట మాట్లాడకూడదు, మాట్లాడితే ఇక సొంత ఊరికి రాలేవు. చీకట్లో మోకాలి లోతు రక్తంలో నడిచారు. భూమ్మీద చిందిన రక్తమంతా ఆ దేశపు ఊటల్లోకే పారుతుందట. ఆ ఒక్క చరణం కోసమే ఈ పాటను మళ్లీ మళ్లీ చదువుతాను.

చివరికి ఒక తోటలో ఆపిల్ పండు కోసి జీతంగా ఇచ్చింది. అది తింటే నాలుక అబద్ధం ఆడదు. థామస్ ఒప్పుకోలేదు. "నా నాలుక నాది, అబద్ధమాడకుండా సంతలో కొనేదెలా, అమ్మేదెలా, దొరల ముందు మాట్లాడేదెలా, ఒక ఆడమనిషిని బతిమాలుకునేదెలా" అన్నాడు. "నోరు మూసుకో, నేను చెప్పిందే జరుగుతుంది" అంది రాణి. తిరిగొచ్చాక జనం ఆయన్ని ట్రూ థామస్ అన్నారు, ఆయన చెప్పిన జోస్యాలని ఎన్నో శతాబ్దాలపాటు చెప్పుకున్నారు.

ఈసారి సెల్కర్క్ దగ్గర కార్టర్‌హా కూడా చూసి రండి. ఎట్రిక్, యారో ఏళ్లు కలిసేచోటు. అక్కడిది టామ్ లిన్ పాట. రాణి పట్టుకెళ్లిన టామ్ లిన్ వల్ల జానెట్ అనే అమ్మాయి కడుపుతో ఉంటుంది. ఏడేళ్లకోసారి ఫెయిరీలు నరకానికి కప్పం కట్టాలి, ఈసారి తననే ఇస్తారేమోనని అతని భయం. హాలోవీన్ అర్ధరాత్రి ఊరేగింపు వస్తుంది, తెల్ల గుర్రం మీద ఉన్న తనను కిందికి లాగి, ఏమైనా సరే వదలొద్దంటాడు. అతను పాముగా, సింహంగా, కాలే ఇనుముగా మారుతున్నా ఆ పిల్ల చేతులు వదల్లేదు. ఓడిపోయిన రాణి కోపంగా "ఇలా అవుతుందని తెలిస్తే నీ కళ్లు పీకి కొయ్య కళ్లు పెట్టేదాన్ని" అంటుంది. ఆవిడ ఓడిపోయిన కథ అరుదు. కిరీటం, కత్తి ఏదీ లేని ఒక గర్భిణి చేతిలో ఓడింది.

ప్రశ్న: ఇవన్నీ కవుల ఊహలేనా, లేక అక్కడి మామూలు జనం నిజంగా నమ్మేవాళ్లా? (కర్నూలు)

జవాబు: నమ్మేవాళ్లు. 1451లో ఇంగ్లండ్ కెంట్ ప్రాంతంలో కొందరు ముఖాలకు నల్లరంగు పూసుకుని, ఫెయిరీల రాణి సేవకులమని చెప్పుకుంటూ ఒక డ్యూక్ గారి వనంలో జింకల్ని పట్టుకెళ్లారని కోర్టు కాగితాల్లో ఉంది. బెన్ జాన్సన్ 1610 నాటి 'ది ఆల్కెమిస్ట్' నాటకంలో మోసగాళ్లు ఒక గుమాస్తాకు ఫెయిరీల రాణి నీకు అత్త వరసని చెప్పి డబ్బు గుంజుతారు. నమ్మకం లేని చోట ఆ మోసం నడవదు.

కానీ స్కాట్లండ్‌లో ఈ నమ్మకానికి ప్రాణాలు పోయాయి. అక్కడ మంత్రగత్తెల విచారణలు జరిగినప్పుడు ఆడవాళ్లు చెప్పినవి రాసి పెట్టారు. 1662లో ఆల్డర్న్ ఊరి ఇసబెల్ గౌడీ కొండ కిందికి వెళ్లానని, తెల్లని నార బట్టలు కట్టుకున్న రాణిని చూశానని, అక్కడ ద్వారం దగ్గర ఎద్దులు రంకెలేస్తుంటే భయపడ్డానని చెప్పింది. రాణి ఏమిచ్చిందంటే, తినలేనంత తిండి పెట్టిందని చెప్పింది. కవులు వెండి గంటలు చూస్తే, ఆ రైతు ఇంటి ఆడమనిషి చూసింది కడుపు నిండా అన్నం.

బెస్సీ డన్‌లప్ అని ఇంకొకామె, ఎయిర్‌షైర్‌లో లిన్ ఊరిది. 1576లో విచారించారు. బాలింతగా ఉన్నప్పుడు ఒక లావుపాటి ఆడమనిషి ఇంట్లోకి వచ్చి, పక్కనే బల్ల మీద కూర్చుని, తాగడానికి ఏమైనా ఇమ్మందట. బెస్సీ ఇచ్చింది. "ఈ బిడ్డ బతకడు, జబ్బుతో ఉన్న నీ మొగుడు కోలుకుంటాడు" అని ఆమె చెప్పింది. ఆమె ఎవరో ఆ రోజు బెస్సీకి తెలియదు. తర్వాత ఆవుల్ని తోలుకుపోతూ, చచ్చిన ఆవు గురించీ, మంచం పట్టిన మొగుడి గురించీ, బిడ్డ గురించీ ఏడుస్తున్నప్పుడు కనిపించిన థామ్ రీడ్ ఆమెకు ఎన్నో సంగతులు చెప్పాడు, అతను 1547లో ఇంగ్లీషువాళ్లతో జరిగిన పింకీ యుద్ధంలో చనిపోయిన మనిషి. ఆ రోజు నీ ఇంటికొచ్చి బల్ల మీద కూర్చున్నది ఎల్ఫ్‌ల రాణే, నేను ఆవిడ కొలువులో ఉన్నానని అతను చెప్పాకే ఆమెకు తెలిసింది.

బెస్సీని కాల్చి చంపారు. ఆమె చెప్పిన మాటలు మాత్రం విచారణ కాగితాల్లో మిగిలాయి. రెక్కల్లేవు, గుర్రం లేదు, గంటలు లేవు. ఒక బాలింత ఇంటికి చెప్పాపెట్టకుండా వచ్చి, దాహం అడిగి, తాగి వెళ్లిన ఒక లావుపాటి ఆవిడ.